చిమిండైంగ్ నుంచి టౌంగప్‌కు కొండదారి



మా శ్రీకాకుళం వైపు రంగూన్‌ను రంగం అంటారు. "మీ తాత రంగం నుంచి కొండలెక్కి నడిచొచ్చాడ్రా" అని నాయనమ్మ చెబుతుంటే, రంగం మా ఊరి కొండకు అవతలే ఉందనుకునేవాణ్ణి. పెద్దయ్యాక మ్యాపు చూశాను. తాత ఇంటిదాకా నడవలేదు. కానీ నడిచినంత చాలు.

1936లో విశాఖపట్నంలో స్టీమరెక్కి వెళ్ళాడు. రంగూన్‌లో నది ఒడ్డున ఉన్న చిమిండైంగ్‌లో బియ్యం మిల్లులో బస్తాలు మోసేవాడు. 1931 జనాభా లెక్కల్లో ఆ నగరంలో సగానికి పైగా భారతీయులే. మనవాళ్ళను బర్మావాళ్ళు కోరంగీలనేవారు, కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద. ఆ పిలుపులో గౌరవమేమీ లేదు లెండి.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. ఓడలో చోటు డబ్బున్నవాళ్ళకే. చిమిండైంగ్ స్టేషను 1877 నాటి ప్రోము రైలుమార్గం మీదిది. రైలు దొరక్క తాత, మా ఊరివాడే ఇంకొకాయన, ఆ దిక్కుగా నడక మొదలుపెట్టారు. రంగూన్ నుంచి ప్రోముకు 161 మైళ్ళు. అక్కడ మగ కూలీలను కొన్నాళ్ళు ఇరావతి దాటనివ్వలేదట. కూలీలు పోతే రేవు నడవదు కదా!

నది దాటితే పడౌంగ్. అక్కడి నుంచి అరకాన్ యోమా కొండలు దాటి సముద్రతీరాన టౌంగప్ చేరాలి. సుమారు 110 మైళ్ళు. వెదురడవి, ఎండాకాలం, వేలమంది జనం. ఉన్న కాసిని వాగుల్లోనే అందరూ తాగాలి, అక్కడే కడుక్కోవాలి. కలరా రాక ఏం చేస్తుంది? తాత ఆ దారిని మైళ్ళలో చెప్పేవాడు కాదు. "ఆ మలుపు దాకా రెండు చెంబుల నీళ్ళు" అనేవాడు.

మూడోనాడు ఎక్కుడులో తోడున్నాయనకు వాంతులు పట్టుకున్నాయి. తాత ఒక పూట కూర్చున్నాడు. తర్వాత తన చెంబు నిండా నీళ్ళు ఆయన పక్కన పెట్టి కొండెక్కాడు. టౌంగప్ నుంచి పడవల్లో అక్యాబ్, చిట్టగాంగ్ మీదుగా ఊరు చేరాడు. ఆయన భార్యతో మాత్రం "బాంబుల్లో పోయాడమ్మా, బాధ పడలేదు" అని చెప్పాడు. నలభై ఆరేళ్ళు ఆ మాట మీదే ఉన్నాడు. 1988లో, మంచం పట్టాక, నాకు చెప్పాడు. అప్పటికి ఆవిడ లేదు.

ఆ ఏడాది బర్మా నుంచి బయల్దేరిన భారతీయులు సుమారు ఐదు లక్షలని అంచనా. చాలామంది తమూ మీదుగా ఇంఫాల్ వైపు వెళ్ళారు. దారిలో పోయినవాళ్ళ పట్టిక ఎవరూ రాయలేదు.

2014లో చిమిండైంగ్ వెళ్ళి, ప్రోము నుంచి బస్సులో ఆ కొండ దాటాను. తారురోడ్డు. తాత చెప్పిన మలుపు ఏదో పోల్చుకోలేకపోయాను, అన్నీ మలుపులే. 2021 సైనిక తిరుగుబాటు తర్వాత ఆ కొండల్లోకి యుద్ధం వచ్చింది. ఇప్పుడు వెళ్ళమని ఎవరికీ చెప్పను.

ఇక్కడ ఉత్తరాంధ్ర వాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ఇంట్లో "రంగంలో పోయాడు" అనే మాట ఉంటే, ఏ ఊరివాడో, ఎవరితో బయల్దేరాడో పెద్దవాళ్ళను అడిగి రాసి తీసుకురండి. రేపు మధ్యాహ్నం భోజనాల దగ్గర నోటుపుస్తకంతో కూర్చుంటాను. మొదటి పేజీలో ఒక్క పేరు రాసి ఉంచాను.