ముందు ఒళ్లు వేడెక్కనివ్వండి

డిసెంబరు వచ్చిందంటే ఆదిలాబాద్‌లో తెల్లవారుజామున చలి కొరికేస్తుంది. అయినా కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ప్రాక్టీసంటూ కుర్రాళ్లు చీకటితోనే గ్రౌండుకు చేరతారు.

మంచిదే. కానీ రాగానే పరుగు లంకించుకోకండి. చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి. ముందు కాసేపు నడవండి, మెల్లగా జాగింగ్ చేయండి. ఒళ్లు వేడెక్కాకే వేగం. ఉబ్బసం ఉన్నవాళ్లు ముక్కుకూ నోటికీ మఫ్లరు చుట్టుకోండి. చల్లని పొడిగాలికి ఆయాసం ఎక్కువవుతుంది. ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి.

అసలు తప్పు పరుగయ్యాక జరుగుతుంది. చెమటకు తడిసిన బనియనుతోనే టీకొట్టు దగ్గర కబుర్లు! తడిబట్ట ఒంట్లో వేడిని లాగేస్తుంది. ముందు బనియను మార్చండి. టీ తర్వాత. దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. ఇక పొగమంచు కమ్మిన రోజు రోడ్డు మీద పరుగు వద్దు. లారీ డ్రైవరుకు మీరు కనబడరు.