బలికి ఎన్నికైన వీరుడు

జానపద కథలలో వీరుడు పుట్టుకతోడనే తెలిసిపోవును. వాని జాతకమున నేదో విశేష ముండును. పెద్దలు వాని రాకకై వేచియుందురు. పాలకొల్లువారైన కోడి రామకృష్ణగారు 2009లో వెలువరించిన ‘అరుంధతి’ చిత్రమున నాయిక యిట్టిదే. జేజెమ్మ పోలికలతో జన్మించిన ఆమెకు పశుపతిని తుదముట్టించు భారము పుట్టుకతోడనే సంక్రమించినది. ఆ చిత్రము నెఱుగని యిల్లు పాలకొల్లులో నుండదనుకొందుము.

అయితే, ఎన్నికగుట యనుమాటకు మన కథలలో మఱియొక యర్థముగూడ కలదు.

1951లో విడుదలైన ‘పాతాళభైరవి’ని తలచుకొందము. రచన పింగళి నాగేంద్రరావుగారిది, దర్శకత్వము కె.వి. రెడ్డిగారిది. అల్లావుద్దీను కథ చాయలతోపాటు, రాజమహేంద్రవరపు మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథల చాయలును అందు కలవు. నేపాళ మాంత్రికునకు సాహసవంతు డొకడు కావలెను. వెదకి వెదకి ఉజ్జయినిలోని తోటరాముని ఎన్నుకొనును. రాజ్య మేలించుటకా? కాదు, దేవికి బలియిచ్చి, కోరినదెల్ల నిచ్చు ప్రతిమను తాను పొందుటకు! రాకుమారిని వలచిన రామునితో, తనకు సరియైన యైశ్వర్యము తెమ్మని రాజు పలికియున్నాడు. ఆ ధనమునకై రాముడు మాంత్రికుని వెంట నడచును. పరీక్షలలో వాడు గెలిచినకొలదియు ఖడ్గమునకు చేరువగుచుండును. బలికి తెచ్చిన పొట్టేలునకు మేపు బాగుగనే యుండును గదా!

“నీవంటివాడు లేడు” అను పొగడ్త వెనుక ఎవరి యక్కఱ యున్నదో అడుగవలెనని మా యభిప్రాయము. మన గోదావరి జిల్లాలనుండి గల్ఫు దేశములకు పోయినవారిలో దళారుల మాట నమ్మి చిక్కులపడినవారు కలరు. తోటరాముని కథ వారి యిండ్లలో వట్టి మాయకథగా వినిపింపదు.

రాముని కాపాడినది కత్తిసాము మాత్రమే కాదు. కొలనిలో తనపై బడిన మొసలిని వాడు చంపగా, అది శాపము తీరిన అప్సరసయై మాంత్రికుని కపటమును తెలిపినది. తుదకు బలిపీఠముపై మాంత్రికుని తలయే తెగినది.

ఈ పోకడ ప్రాచీనమే. బేతాళ కథలలో విక్రమార్కుని గూడ ఒక యోగి బలికొఱకే రప్పించును. బేతాళు డా గుట్టు విప్పి, సాష్టాంగ మెట్లు చేయవలెనో ముందు తానే చూపుమని యోగినడుగుమనును. అయితే యతడు మహారాజు. ఆ స్థానమున తోటమాలి కొడుకును నిలుపుట చిన్న మార్పు కాదు.

అంతటితో కథ ముగియలేదు. శిష్యుడు సదాజపుడు సంజీవనితో గురువును బ్రతికించును. ప్రతిమయు రాకుమారియు మాంత్రికుని పాలగుదురు. ఇక్కడ రాముని శౌర్య మొక్కటే చాలలేదు. వాని చెలికాడు అంజి సదాజపుని వేషమున జేరి, రాకుమారి మెచ్చునని నమ్మబలికి, మాంత్రికుని గడ్డము తీయించును. గడ్డముతోడనే మంత్రశక్తియు పోవును. లోకము గాలించి రాముని పట్టుకొన్న యా మాంత్రికుడు అంజిని లెక్కలోనికే తీసికొనలేదు.