పుచ్చుకొన్నవారి బాధ్యత
(శతవత్సర కృతజ్ఞతా కూటములలో ఆత్మకూరులో చేసిన ప్రసంగ పాఠము)



పెద్దలు మాకిచ్చిన అంశము "తెగుళ్ళ కాలములో బీద దేశములకు సహాయము". ఇది విని మా సంఘములో ఒక పెద్దాయన నవ్వారు. "అయ్యగారూ, బీద దేశమంటే మనదే గదా! సహాయమంటే మనకు రావలసినదే గదా!" అన్నారు. అందులో సగము నిజమున్నది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట ప్రాంతములో తొలినాటి మిషను పని నడిచినది సముద్రాల అవతల ఎవరో కూడబెట్టి పంపిన కానుకలతోనే. మిగిలిన సగము గురించే మేము ఈ సాయంత్రము చెప్పదలచుకొన్నాము.

ముందు పాత సంగతి. 1876 నుండి 1878 వరకు పెద్ద కరువు వచ్చినది. మన తాతలు దానిని ధాత కరువు అన్నారు. ఆకలి వెనుకనే కలరా వచ్చినది. గింజలు లేక చచ్చినవారెందరో, కలరాతో, జ్వరాలతో చచ్చినవారెందరో విడదీసి లెక్క చెప్పుట కష్టము. ఆ రోజులలో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర కరువు పనులలో కూలిని తగ్గించి, మగవానికి రోజుకు ఒక పౌను గింజలు, పైన ఒక అణా చాలునన్నాడు. పౌను అంటే అరకిలోకు కొంచెము తక్కువ. ఆ తిండితో మట్టి మోసేవాడు బ్రతకలేడని మద్రాసులో ఆరోగ్యశాఖ అధికారిగా నున్న కార్నిష్ అనే డాక్టరు వాదించాడు. 1877లో లండన్ నగరపు లార్డ్ మేయరు చందాల నిధి తెరిచాడు. ఇంగ్లాండు ప్రజలు మన దేశానికి డబ్బు పంపారు. అదే కాలములో మన దేశపు గోధుమలు ఓడలలో ఇంగ్లాండుకు పోతూనే ఉన్నవి. ఒక చేత తీసికొని ఇంకొక చేత ధర్మము చేయుట కొత్త సంగతి కాదు.

అప్పుడు ఒంగోలు మన నెల్లూరు జిల్లాలోనే ఉండెను. అక్కడి మిషనరీ జాన్ క్లౌ దొరగారు కేవలము గంజి కేంద్రములు పెట్టి ఊరుకోలేదు. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు త్రవ్వే కంట్రాక్టు తీసికొన్నారు. ఇతర చోట్ల పనికి పోయిన మాదిగలను మేస్త్రీలు తిట్టి, కొట్టి, కూలి ఎగగొట్టేవారు. ఇక్కడ ఉపదేశులే మేస్త్రీలుగా నిలబడి కూలి లెక్కగా ఇప్పించారు. అది బిచ్చము కాదు, చేసిన పనికి కూలి. ఆ కాలములో బాప్తిస్మము కోరివచ్చినవారు వేలమంది. దొరగారు పదిహేను నెలలపాటు ఒక్కరికీ ఇవ్వలేదు. కూటి కోసము వచ్చారనే మాట రాకూడదని, తమకే తెలియకుండా కూటి కోసము రాకూడదని. సహాయపు పనులు ముగిసిన తరువాతనే, 1878 జూలై 3వ తేదీన వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆ అంకెను మనము ప్రతి జూబిలీలోనూ చెప్పుకొంటాము. దాని ముందున్న పదిహేను నెలలను మాత్రము చెప్పము. మాకు ఆ పదిహేను నెలలే పెద్దవిగా కనబడుచున్నవి.

ఎందుకో చెప్పాలంటే మా తప్పు ఒప్పుకోవాలి.

2020 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో మొదటి కరోనా కేసు మన నెల్లూరులోనే బయటపడినది. ఇటలీలో చదువుకొని వచ్చిన యువకుడు, కోలుకొన్నాడు. లాక్‌డౌన్ వచ్చినది. పనులు నిలిచినవి. కువైటులో ఇళ్ళలో పని చేసుకొని డబ్బు పంపే మన అక్కచెల్లెండ్రలో కొందరికి జీతము లేదు, తిరిగి వచ్చే విమానము లేదు. పల్లెలో ఆ డబ్బు మీదనే పొయ్యి వెలిగే ఇండ్లు ఎన్నో మనకు తెలుసు. అప్పుడు పరదేశపు స్నేహితుల ద్వారా మాకు కొంత సొమ్ము వచ్చినది. బియ్యము, కందిపప్పు, నూనె సంచులు కట్టాము. పంచేటప్పుడు ఏమి చేశామో తెలుసునా? సంఘపు రిజిస్టరు ముందు పెట్టుకొని పేర్లు పిలిచాము. పంపినవారు ఫొటోలు అడిగారని సంచి చేతిలో పెట్టి ఒక్కొక్కరినీ నిలబెట్టాము. ఒక ముసలమ్మ కొంగు ముఖానికి అడ్డము పెట్టుకొన్నది. "కొంగు తీయమ్మా, ముఖము కనబడాలి" అని మేమే అన్నాము. రిజిస్టరులో పేరు లేని రెండు కుటుంబములు గేటు బయట నిలబడి చూచి వెళ్ళిపోయినవి. నూట నలభై ఏండ్ల క్రితము కరువులో ఒక దొర చేయనని పట్టుబట్టిన పనిని మేము సెల్‌ఫోను పట్టుకొని చేశాము.

రెండవ అల వచ్చిన 2021 వేసవిలో ఇంకొక పాఠము. ఒక చోటికి ఆక్సిజన్ కాన్‌సెంట్రేటరు పంపబడినది. మంచి యంత్రమే. నిమిషానికి అయిదు లీటర్లు ఇచ్చునది. కరెంటు నిలకడగా ఉంటేనే పని చేయును. బాగా ముదిరిన రోగికి ఆ అయిదు లీటర్లు చాలవు. నడపడము నేర్పినవారు లేరు. పెట్టె విప్పకుండానే ఆ వేసవి గడిచినది. ఏమి కావాలని ఎవరూ అడగలేదు. కావలసినది చెప్పే నోరు మనకూ లేకపోయెను. వచ్చినదే మహాభాగ్యమనుకొన్నాము.

ఆ మే నెలలోనే కెన్యా దేశము మన దేశానికి పన్నెండు టన్నుల టీ, కాఫీ, వేరుశనగ పంపినది. మనవారిలో కొందరు ఎగతాళి చేశారు. ప్రియులారా, రెండు కాసులు వేసిన విధవరాలి కథ మీద ప్రసంగము వినని క్రైస్తవుడు మన జిల్లాలో ఉన్నాడా?

ఇప్పుడు మిగిలిన సగము నిజము. మనము పుచ్చుకొనేవారము మాత్రమే కాము. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్, పూనాలో తయారైన కోవిషీల్డ్ 2021 జనవరి నుండి పొరుగు దేశములకు, ఆఫ్రికాకు వెళ్ళినవి. బీద దేశములకు టీకాలు చేర్చుటకు ఏర్పడిన కోవాక్స్ అనే పథకము చాలవరకు పూనా టీకామీదనే ఆధారపడినది. మన ఇంట్లో మంటలు లేచేసరికి ఎగుమతులు ఆగిపోయి, ఆ ఏడాది చివరిదాకా సరిగా సాగలేదు. మన పిల్లలకు ముందు అన్నము పెట్టుకొన్నాము. దానిని తప్పని మేము అనలేము. కాని ఆఫ్రికాలో ఆస్పత్రి నర్సులు మొదటి డోసు కోసము ఎదురుచూస్తున్నప్పుడు ధనిక దేశములు తమ జనాభాకు మించి టీకాలు ముందే కొని పెట్టుకొన్నవి. 2021 ముగిసేనాటికి అత్యంత బీద దేశములలో నూటికి పదిమందికి కూడా మొదటి డోసు అందలేదు. టీకాల పేటెంటు హక్కులు కొంతకాలము ఆపండని 2020 అక్టోబరులోనే మన దేశము, దక్షిణాఫ్రికా కలిసి అడిగినవి. 2022 జూన్‌లో వచ్చిన ఒప్పుదల అడిగినదానికి చాలా తక్కువ.

అపొస్తలుల కార్యములు పదకొండవ అధ్యాయము చూడండి. కరువు రాబోవుచున్నదని విన్న అంతియొకయ సంఘము ఏమి చేసినది? యూదయ నుండి సువార్త అందుకొన్న సంఘమది. అదే యూదయకు, ఎవరి శక్తి కొలది వారు, డబ్బు పంపినది. కరువు ముదిరేదాకా ఆగలేదు. ఇద్దరు నమ్మకమైన మనుష్యుల చేతికిచ్చి పంపినది. అక్కడి పెద్దలకు అప్పగించినది. ఎవరికెంత పంచాలో అంతియొకయ నుండి ఉత్తరువు పోలేదు.

అందుచేత శతవత్సర కానుకలో పదవ వంతు మన జిల్లా దాటి, మనకన్నా లేనివారి వైద్యానికి పంపాలని కమిటీలో మేము ప్రతిపాదించాము. రిజిస్టరు చూడకుండా, ఫొటో అడగకుండా, ఏమి కావాలో వారినే అడిగి పంపాలని చెప్పాము. సగముమంది ఒప్పుకొన్నారు. మిగిలినవారు ఆవరణ గోడ పడిపోయిందని, ఉదయగిరి వైపు రెండు గుడులకు కప్పు కారుతున్నదని చెప్పారు. అదీ నిజమే, వర్షములో ఆ గుడులలో మేము ఆరాధన నడిపినవారమే. సంగతి తేలలేదు. కూటములు ముగిసిన మరుసటి మంగళవారము కమిటీ మళ్ళీ కూర్చుంటుంది. కప్పు కావాలనేవారు, పదవ వంతు పోవాలనేవారు ఇద్దరూ రండి. ఆ ముసలమ్మను కూడా రమ్మని అడిగాము. వస్తానన్నది.