పెద్దవారికిని వ్యాయామము



పుట్టుకకు ముందో వెనుకనో మెదడునకు దెబ్బ తగిలి అవయవములు స్వాధీనము తప్పిన బిడ్డలను చిన్ననాట వైద్యులకడకు ఎత్తుకొని తిరుగుదుము. పెద్దవారైనంతనే ఇంటి మూల కూర్చుండబెట్టుదుము. సెరిబ్రల్ పాల్సీ యను ఈ స్థితిలో మెదడు దెబ్బ ముదరదు. కదలిక తగ్గినచో కండరములు బిగిసి, కీళ్లు నొచ్చి, నడచువారిలోను కొందఱు నడక కోల్పోవుదురు. వ్యాయామమువలన బిగువు హెచ్చునను పాత భయము నిజము కాదని తేలినది. వైద్యుని అడిగి వారమునకు 1, 2 మారులు, 20 నిమిషములతో ఆరంభింపవచ్చును. కుర్చీలో కూర్చుండియే బంతి విసరు బోషియా యను ఆట 1984 నుండి పారాలింపిక్సులో గలదు.

2001లో గనులు మూతపడిన పిదప పెక్కు ఇండ్ల యువకులు వేకువ రైలున బెంగుళూరు పోవుచుండగా, ఇంట మిగులునది ముసలితల్లి. ఆమె మాత్రము ఎంతకాలము ఎత్తగలదు? ఆదివారములందు సంఘభవనము మేము తెఱచి యుంచెదము. మీరు వారిని గడప దాటించి తోడ్కొని రండు.