అలారానికీ లైఫ్ సర్టిఫికెట్ కావాలి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటి అలారం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను ఇంజనీరును కాను. 36 ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాను. అయితే ఈ విషయం మన అందరి ఇళ్లకూ సంబంధించినది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉన్నారు. ఇంట్లో మిగిలింది మనం ఇద్దరమే. వాళ్ల ధైర్యానికీ మన ధైర్యానికీ తలుపుకు ఒక అలారం, మంచం పక్కన ఒక మీట పెట్టించుకున్నాం. ఆ అలారం కబురు బయటికి పోవాలంటే దానికి ఒక దారి ఉండాలి. ఇంటికి ఫైబర్ ఇంటర్నెట్ వచ్చిన రోజున ఆ దారి మారిపోతుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ మనకు చెప్పరు.

పాత టెలిఫోను రాగి తీగ మీద నడిచేది. ఆ తీగలో 48 వోల్టుల కరెంటు ఎక్స్ఛేంజి నుంచే వచ్చేది. అక్కడ పెద్ద బ్యాటరీలు ఉండేవి. అందుచేత మన వీధిలో కరెంటు పోయినా ఫోను మోగేది. అలారం పెట్టెలో సొంత బ్యాటరీ ఉంటుంది కనుక, దొంగ మెయిన్ స్విచ్ దించినా అది డయల్ చేయగలిగేది.

ఫైబర్ అంటే గాజు పోగు. దానిలో వెలుతురు వస్తుంది గాని కరెంటు రాదు. గోడకు బిగించే ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె మన ఇంటి ప్లగ్గు కరెంటుతోనే నడుస్తుంది. కరెంటు పోతే ఇంటర్నెట్టు, ఫోను, అలారం దారి మూడూ ఒకేసారి పోతాయి.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఫైబర్ వేసిన కుర్రవాడు టీవీ, ఇంటర్నెట్టు, ఫోను అన్నీ చూపించి, సంతకం పెట్టించుకుని వెళ్లాడు. ఆ సాయంత్రమే నేను మంచం పక్క మీట నొక్కి చూశాను. ఇంట్లో సైరన్ మోగింది. పక్కింటివారి ఫోను మాత్రం మోగలేదు. వెతికితే, అలారం తీగ గోడమీది పాత టెలిఫోన్ పెట్టెలోనే ఉంది. ఆ పెట్టెకు ఇక ఏ లైనూ లేదు. మా ఆవిడకు ఆయాసం. నేను ఏ బ్యాంకుకో వెళ్లిన పూట ఆమెకు ఆ మీటే ఆధారం. ఇంటర్నెట్ వారిని అడిగితే "అలారం మాది కాదండీ" అన్నారు. అలారం వారు "లైను మాది కాదండీ" అన్నారు. రెండు సెక్షన్ల మధ్య తిరిగే ఫైలు మనకు కొత్త కాదు కదా! ఇద్దరినీ ఒకే రోజు, ఒకే గంటకు ఇంటికి పిలిపించాను. పని అయింది. మీరూ అలాగే చేయండి.

వాళ్ల చేత చేయించవలసినవి ఇవి.

మొదటిది, తీగ. ఓఎన్‌టీ ఫోను రంధ్రం నుంచి తీగ ముందుగా అలారం పెట్టెకు రావాలి. అక్కడి నుంచి టెలిఫోనుకు పోవాలి. అప్పుడు ఎవరైనా రిసీవరు ఎత్తి పక్కన పడేసినా అలారం లైను తన చేతిలోకి తీసుకోగలదు. ఇంకా రాగి తీగ మీదే బ్రాడ్‌బ్యాండ్ ఉన్నవారు అలారం తీగను స్ప్లిట్టర్ దాటిన తర్వాత, ఫోను వైపు నుంచి తీయించాలి. లేకపోతే అలారం డయల్ చేసినప్పుడు ఇంటర్నెట్టు తెగిపోవచ్చు.

రెండవది, కరెంటు. ఓఎన్‌టీకి, రౌటరుకు చిన్న యూపీఎస్ పెట్టించండి. చాలావాటికి 12 వోల్టులు సరిపోతాయి. అయినా అడాప్టరు మీద రాసి ఉన్న అంకె చూసి కొనండి. ఇన్వర్టరు ఉన్నవారు ఆ ప్లగ్గును ఇన్వర్టరు లైనులోకి మార్పించుకుంటే చాలు. అలారంలోని బ్యాటరీ కూడా కొన్నేళ్లకు నీరసిస్తుంది. మార్చిన తేదీ దానిమీదే రాసి ఉంచండి.

మూడవది, నంబర్లు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ ఫోను నుంచి ఏ మొబైలుకు చేసినా ముందు 0 కొట్టాలి. పాత అలారంలో 10 అంకెలే ఎక్కించి ఉంటే ఆ కాల్ వెళ్లదు. మొదటి నంబరు నాలుగడుగుల్లో ఉన్నవారిదై ఉండాలి, అమెరికా అబ్బాయిది కాదు. వాళ్లు వచ్చి చూసి 112కు ఫోన్ చేస్తారు. మెషీను గొంతుతో నేరుగా 112కు చేయిస్తే, అవతలివారు అడిగే ప్రశ్నలకు అది జవాబు చెప్పలేదు.

నాలుగవది, రెండో దారి. ఫైబర్ తెగిపోతే యూపీఎస్ ఏమీ చేయలేదు. అందుకని సిమ్ కార్డుతో నడిచే అలారం మేలు. అయితే పాతవాటిలో చాలా 2జీవి. 2016లో వచ్చిన జియోకు 2జీ లేదు కనుక ఆ సిమ్ వాటిలో పనిచేయదు. కొనేటప్పుడే 4జీదా అని అడగండి. ఆ సిమ్‌కు రీచార్జి గడువు క్యాలెండరు మీద రాసుకోండి.

ఐదవది, వైఫై అలారాలు, కెమెరాలు. కొత్త రౌటరు పెట్టినప్పుడు పాత వైఫై పేరూ పాస్‌వర్డూ అలాగే పెట్టించండి. చాలావరకు అవి మళ్లీ వాటంతటవే కలుస్తాయి. కలవకపోతే 2.4 గిగాహెర్ట్జ్ ఆన్‌లో ఉందా అని అడగండి. వీటిలో చాలావాటికి 5 గిగాహెర్ట్జ్ అందదు. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డు మాత్రం తప్పక మార్చాలి. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాం లక్షల కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది అలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డులతోనే.

ఇక ముఖ్యమైన మాట. మనం బతికే ఉన్నామని ఏటేటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. అలారం బతికి ఉందని మనకు ఎవరిస్తారు? అందులో దీపం వెలగడం సాక్ష్యం కాదు. ప్రతి నెలా పెన్షను పడిన రోజున పక్కింటివారికి ముందుగా చెప్పి, మెయిన్ స్విచ్ దించి, మీట నొక్కండి. ఎవరి ఫోను మోగింది, ఎన్ని నిమిషాలకు మోగింది, ఒక నోటు పుస్తకంలో రాయండి. ఆ పని ఇంటి ఇల్లాలి చేత కూడా చేయించండి. మీరు ఇంట్లో లేని పూట ఆ మీట నొక్కవలసింది ఆమే.

ఇంట్లో ఇంకా పరీక్షించని వారెవరైనా ఉంటే ఈ వారంలోనే చేయండి. సందేహం ఉన్నవారు ఆదివారాలు సంఘ కార్యాలయానికి వస్తే నాకు తెలిసినంత చెబుతాను.