సాఫ్ట్‌వేరు రచనలలో సారాసార వివేచనము

(సంఘ సాహిత్య గోష్ఠియందు జరిగిన ప్రసంగ పాఠము)



ఢిల్లీలోని కేంద్ర ప్రభుత్వోద్యోగుల తెలుగు కుటుంబములలో నేడు సాఫ్ట్‌వేరు మాట వినబడని యిల్లు అరుదు. ఒక యింటి కుమారుడు నోయిడాలో ప్రోగ్రాములు వ్రాయుచున్నాడు. వేరొక యింటి కుమార్తె గురుగ్రామములో వానిని పరీక్షించుచున్నది. ఇంకొక యింట ఇంజనీరింగు చదువుచున్న పిల్లలు రాత్రి ప్రొద్దుపోవువరకు తెరముందు కూర్చుండి యుందురు. పెద్దల సంగతియు నట్లే యున్నది. కాగితపు ఫైలు స్థానమున నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటరువారి ఈ-ఆఫీసు వచ్చినది. సెలవు మొదలు పింఛనువరకు పెక్కు వ్యవహారములు సాఫ్ట్‌వేరు ద్వారముననే నడచుచున్నవి. కావున ఈ విద్యను గూర్చిన వ్రాతలలో చదువదగినదేది, విడువదగినదేది యను ప్రశ్న ఇంజనీర్లకు మాత్రమే చెందినది కాదు.

ఈ విద్యకొక విశేషము కలదు. దీనిలో శ్రేష్ఠములైన రచనలు పెక్కు ఇంటర్నెట్టున ఉచితముగనే లభించును. పల్లెటూరి పాఠశాలలో చదివిన విద్యార్థికిని, అమెరికా విశ్వవిద్యాలయములోని ఆచార్యునికిని అవి సమానముగ అందుబాటులో నున్నవి. కాని వాని ప్రక్కనే, వానిని కప్పివేయునంతగా, పసలేని వ్రాతలు పెరిగియున్నవి. పూర్వము విద్యార్థి గ్రంథములు దొరకక బాధపడెడివాడు. నేటి విద్యార్థి దొరికినవానిలో ఏది గ్రంథమో తెలియక బాధపడుచున్నాడు. ఈ భేదము ఎంత ముఖ్యమైనదో తెలుగువారికి మిగుల సన్నిహితమైన ఒక ఉదాహరణము వలన స్పష్టమగును.

2018 ఫిబ్రవరిలో ఒక వార్త ప్రపంచమంతట వ్యాపించెను. ఒక తెలుగు అక్షరము ఐఫోనులను స్తంభింపజేయుచున్నదనియు, ఆ అక్షరము గల సందేశము తెరపై కనబడినంతనే ఆ యప్లికేషను మూతపడుచున్నదనియు పత్రికలు వ్రాసినవి. ఆ అక్షరము ‘జ్ఞా’. జ్ఞానమను పదములోని మొదటి అక్షరమే యంత్రమునకు మూర్ఛ తెప్పించినదని పలువురు వేడుకగ చెప్పుకొనిరి. ఆ దినములలో వెలువడిన వ్రాతలలో అధికభాగము ఒకే మాటను తిరుగవేసి చెప్పినవి: తెలుగు అక్షరము ప్రమాదకరము, దానిని ఎవరైన పంపినచో తెరువవలదు.

అయితే ఒక చిన్న ప్రశ్న కలదు. తెలుగువారు ఆ ఫోనులయందే జ్ఞానము, విజ్ఞానము, జ్ఞాపకము అను మాటలను నిత్యము వ్రాసికొనుచుండిరి గదా! అప్పుడు కలుగని ఆపద ఇప్పుడేల కలిగినది? దోషము అక్షరముననే యున్నచో, తెలుగు వ్రాయు ప్రతి ఐఫోనును ఏనాడో నిలిచిపోవలసి యుండెను. ఈ ప్రశ్న వేసిన వ్రాతలు మిక్కిలి కొలదిగ నుండెను.

అట్టివానిలో ముఖ్యమైనది అప్పుడు మొజిల్లా సంస్థలో పనిచేయుచుండిన మనీష్ గోరెగావ్‌కర్ వ్రాసినది. కంటికి ఒక్క అక్షరముగ కనబడు ఆ రూపము కంప్యూటరులో ఒకటి కాదు, ఐదు సంకేతముల వరుస. మొదట జకారము, పిదప హల్లు గుర్తు, తరువాత ఞకారము, నాలుగవది కంటికి కనబడని ఒక సంకేతము, చివర దీర్ఘము. నాలుగవ సంకేతమును జీరో విడ్త్ నాన్ జాయినర్ అందురు. రెండక్షరములు కలిసి సంయుక్తము కాకుండ ఆపుటయే దాని పని. ఈ ప్రసంగ శీర్షికలోని ‘సాఫ్ట్‌వేరు’ అను మాటలో వకారము టకారము క్రింద వత్తుగ చేరకుండ నిలుపునది ఆ సంకేతమే. సాధారణముగ ‘జ్ఞా’ అని వ్రాయునపుడు దానితో పనిలేదు. అది వలసినచోట గాక వలదన్నచోట, అనగా దీర్ఘమునకు ముందు, వచ్చి కూర్చుండుట వలననే ఆ ఉపద్రవము కలిగెను.

ఆ రచయిత అంతటితో ఆగలేదు. అనేక అక్షరముల కూర్పులను పరీక్షించి, ఈ దోషము తెలుగునకే పరిమితము కాదనియు, దేవనాగరి, వంగ లిపులలోను కలుగుచున్నదనియు చూపెను. రెండవ హల్లు వత్తుగ చేరు స్వభావము కలదైనపుడే ఇది కలుగుచున్నదనెను. తెలుగులో హల్లులన్నియు వత్తులగును గనుక మన లిపియందది సులభముగ బయటపడినది. ఐత్వమువలె రెండు ముక్కలుగ నుండు గుణింతపు గుర్తులకు ఈ బాధ లేదని మినహాయింపులను గూడ పేర్కొనెను. లోపలి కారణమును గూర్చిన తన ఊహను ఊహగనే చెప్పెను గాని నిర్ణయముగ చెప్పలేదు. ఆపిల్ సంస్థ 2018 ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ను విడుదలచేసి, అక్షరములను తెరపై కూర్చు కోర్‌టెక్స్ట్ అను భాగములోని దోషమును సవరించెను. దోషము లిపిది కాదు, లిపిని తెరపై కూర్చు ప్రోగ్రాముది.

ఒకే సంఘటనను గూర్చి రెండు విధములైన వ్రాతలు వెలువడినవి. మొదటి విధము భయమును కలిగించి, ఒక భాషపై నింద మోపి మరునాటికి మాసిపోయెను. రెండవ విధము కారణమును వెదకి, పరీక్షించి, హద్దులు చెప్పి, నేటికిని చదువదగినదిగ నిలిచియున్నది. మంచి రచనను గుర్తించు లక్షణములన్నియు ఈ రెండవ విధమునందే కలవు.

మొదటి లక్షణము: వ్రాసినవాడు పనిని స్వయముగ చేసియుండవలెను. ఇతరులు చెప్పినదానిని మాటలు మార్చి చెప్పినవాడు మూలమునందలి తప్పును గూడ మోసికొని వచ్చును. రెండవది: తేదీయు, ఏ వెర్షనును గూర్చి వ్రాసినదియు స్పష్టముగ నుండవలెను. సాఫ్ట్‌వేరులో నిన్నటి సత్యము నేడు తప్పగుట సామాన్యము. మూడవది: పరిహారముతో పాటు కారణమును చెప్పవలెను. ఈ పంక్తిని చేర్చుము, పని జరుగునని మాత్రము చెప్పు వ్రాత రోగమును చూడక మందిచ్చు వైద్యుని వంటిది. నాలుగవది: తెలిసినదానికిని ఊహించినదానికిని నడుమ గీత గీయవలెను. సెక్రెటేరియట్టులో పనిచేయువారికి ఈ లక్షణములు క్రొత్తవి కావు. మంచి ఆఫీసు నోటులో వాస్తవము, నియమము, పూర్వోదాహరణము, అభిప్రాయము వేరువేరుగ నుండును; క్రింద సంతకమును తేదీయు నుండును. మంచి సాంకేతిక రచనయు నట్టిదే.

ఈ పోలికకు చక్కని నిదర్శనము ఇంటర్నెట్టు పుట్టుకలోనే యున్నది. 1969 ఏప్రిల్ 7న స్టీవ్ క్రాకర్ అను యువకుడు మొదటి ఆర్.ఎఫ్.సి. పత్రమును వెలువరించెను. అభిప్రాయములు కోరుచున్నామను అర్థముగల ఆ వినయపు పేరుతోనే నాటినుండి నేటివరకు ఇంటర్నెట్టు నియమములు వెలువడుచున్నవి. ఒకసారి ప్రచురించిన పత్రమును దిద్దరు. మార్పు వలసినచో క్రొత్త సంఖ్యతో వేరొక పత్రము వెలువడి, పాతది రద్దయినట్లు తెలుపును. కంప్యూటర్ల నడుమ సమాచారమును క్రమముగ చేరవేయు టి.సి.పి. నియమము 1981లో 793వ పత్రముగ వచ్చి, 2022లో 9293వ పత్రముచే భర్తీ చేయబడెను. ఉత్తర్వుల రద్దులను, సవరణలను వెదకుటకు అలవాటుపడిన ఉద్యోగి ఈ పత్రములను చూచినచో తన సెక్షనులోనికే వచ్చినట్లు తలచును.

ఇక ఎక్కడ వెదకవలెననునది రెండవ ప్రశ్న. మొదట కాలమునకు నిలిచిన రచనలను చూడవలెను. అసోసియేషన్ ఫర్ కంప్యూటింగ్ మెషినరీ అను సంస్థ 1951 మొదలు 2000 వరకు తాను ప్రచురించినదానిని 2022లో అందరికిని ఉచితముగ తెరచినది. గోటూ వాడుకను విమర్శించుచు ఎడ్స్గర్ డైక్‌స్ట్రా 1968లో వ్రాసిన లేఖయు, పెద్ద ప్రోగ్రామును భాగములుగ విభజించు పద్ధతిని గూర్చి డేవిడ్ పార్నాస్ 1972లో వ్రాసిన వ్యాసమును అందులో కలవు. ఆ సంస్థ యిచ్చు ట్యూరింగు బహుమతి గ్రహీతల ఉపన్యాసములు వేరొక నిధి. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన దబ్బల రాజగోపాల రెడ్డి, అనగా రాజ్ రెడ్డి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ఈ బహుమతి నందెను. ఆసియా సంతతివారిలో ఈ గౌరవము పొందిన ప్రథముడాయనయే.

పీటర్ నావర్ 1985లో వ్రాసిన వ్యాసము ప్రభుత్వోద్యోగులు ప్రత్యేకముగ చదువదగినది. ప్రోగ్రామనగా కాగితముపై నున్న పంక్తులు మాత్రమే కాదనియు, దానిని నిర్మించినవారి మనస్సులందున్న అవగాహనయే దాని ప్రాణమనియు, ఆ బృందము చెదరినచో పంక్తులు మిగిలియు ప్రాణము పోవుననియు ఆయన వాదించెను. బదిలీయైన అధికారితో పాటు ఫైలు వెనుకనున్న కథయు వెడలిపోవుటను చూచినవారికి దీనిని వివరింప నక్కరలేదు.

రెండవది, పరాజయములను దాచక చెప్పిన రచనలు. 1996 జూన్ 4న ఐరోపావారి ఏరియన్-5 రాకెట్టు తన మొదటి ప్రయాణములో 40 సెకనులైనను నిండకముందే ముక్కలయ్యెను. పాత ఏరియన్-4 నుండి తెచ్చిన ప్రోగ్రాములో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇముడ్చుటకు చేసిన ప్రయత్నము విఫలమగుటయే కారణమని విచారణ సంఘము ఆ జులైలోనే ప్రకటించెను. 1985-87 నడుమ థెరాక్-25 అను కిరణ చికిత్సాయంత్రము ఆరుగురు రోగులకు ప్రమాదకరమైన మోతాదు నిచ్చెను. వారిలో కొందరు మరణించిరి. దానిని గూర్చి నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో వ్రాసిన పరిశోధన నేటికిని పాఠ్యము. విజయగాథలు నూరు చదివినను రాని జాగ్రత్త ఇట్టివి రెండు చదివిన వచ్చును.

మూడవది, ప్రోగ్రాములే. మంచి కవియగుటకు కావ్యములు చదువవలసినట్లు, మంచి ప్రోగ్రామరగుటకు ఇతరుల ప్రోగ్రాములు చదువవలెను. ప్రభుత్వ అప్లికేషనుల మూలమును సహకారమునకై తెరచు విధానమును కేంద్రము 2015లో ప్రకటించెను. ఆరోగ్యసేతు మూలప్రోగ్రాము 2020 మే 26న బహిరంగముగ నుంచబడెను. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో సృష్టించిన గిట్ వంటి సాధనములలో ప్రతి మార్పునకును చేసినవారి పేరు, తేదీ, కారణము నమోదగును. ఏమి మారినదో ప్రోగ్రామే చెప్పును. ఎందుకు మారినదో ఆ చిన్న వివరణయే చెప్పును. చక్కగ వ్రాసిన అట్టి వివరణలు ఈ విద్యలోని ఉత్తమ గద్యములలో చేరును.

నాలుగవది, ఒక మంచి రచన చేతపట్టి మరియొకదానిని చేరుట. ఒక రచన మంచిదని తోచినపుడు, ఆ రచయిత ఎవరిని ఉదహరించెనో చూచి వారిని చదువవలెను. నదికి ఎగువగ నడచినట్లు మూడు నాలుగు మెట్లు వెనుకకు పోయినచో మూలము దొరకును. వెదకు యంత్రము మొదట చూపినదే శ్రేష్ఠమని తలచుట పొరపాటు. అది ముందు నిలచినది మాత్రమే.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత ఈ వివేచనము మరింత అవసరమైనది. యంత్రము వ్రాసినది శుభ్రముగ, నమ్మకము కలిగించునట్లు నుండును. దానిలో తప్పున్నను భాష తడబడదు. ఆ డిసెంబరులోనే ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తర స్థానమైన స్టాక్ ఓవర్‌ఫ్లో, సరియైనట్లు కనబడుచు తప్పులు గల సమాధానములు వెల్లువెత్తుచున్నవని అట్టివానిని నిషేధించెను. యంత్రసహాయమును త్రోసిపుచ్చ నక్కరలేదు. అది చెప్పినదానిని మూలముతో పోల్చి, నడిపి చూచి, పిదప గ్రహింపవలెను. పోల్చుటకు మూలమేదియో తెలియనివానికి మాత్రము ఏ సాధనమును రక్ష కాదు.

చివరగ తెలుగు మాట. 1998 నుండి ఈమాట పత్రికయు, 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాయు ఇంటర్నెట్టున తెలుగు గద్యమునకు చోటు కల్పించినవి. కంప్యూటరు విజ్ఞానమును తెలుగున చెప్పుటకు అమెరికాలోని ఆచార్య వేమూరి వేంకటేశ్వరరావు చిరకాలము కృషి చేసిరి. అయినను సాఫ్ట్‌వేరు వృత్తిలో నున్న తెలుగువారి సంఖ్యకును, ఆ వృత్తిని గూర్చి తెలుగున వెలువడిన రచనలకును పొంతన లేదు. ‘జ్ఞా’ కథనే చూడుడు. తెలుగు లిపిలోని వత్తుల స్వభావమును తెలుగు పిల్లవాడు రెండవ తరగతిలోనే నేర్చును. ఆ తెలివి గల యువజనులు ఇంజనీర్లుగ వేలకొలది యుండిరి. లోకము తెలుగు అక్షరమును నిందించిన ఆ వారములో, దోషము అక్షరముది కాదని వివరించు వ్యాసము తెలుగు పాఠకుని చేతికి తెలుగుననే అందవలసి యుండెను.

కావున ఈ సంఘ కుటుంబములలోని యువజనులు చేయదగిన పనులు రెండు. ఒకటి, వారమునకొక మంచి రచనను మూలమునుండి చదివి, దాని తేదీని, సారమును ఒక పుస్తకమున వ్రాసికొనుట. రెండు, తాము స్వయముగ కనుగొని సవరించిన ఒక్క దోషమును గూర్చియైనను కారణసహితముగ తెలుగున వ్రాయుట. పెద్దలు వానిని చదివి, అర్థముకానిచోట నిర్మొహమాటముగ ప్రశ్నించినచో వ్రాసినవారికి భాషయు, చదివినవారికి విషయమును పట్టుబడును. ఆ రచనలకు ఈ సంచిక పుటలే మొదటి చోటు కావచ్చును.