మేడారంలో మా గుడారం



రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వచ్చే మేడారం జాతరకు 2024 ఫిబ్రవరిలో మేము ఒకరోజు ముందే, మంగళవారం పొద్దున్నే చేరుకున్నాం. అప్పటికే జంపన్నవాగు దగ్గర చెట్టు నీడన్నది ఖాళీ లేదు. ఫౌజులో క్యాంపు వేసిన అలవాటు కదా! వాగు ఇసుక వద్దనుకొని, బాటకు అడ్డం రాకుండా కొంచెం మెరక చూశాను. నాలుగు మూలలా గూటాలు కొట్టి తాడు కట్టాను. ఉన్నది ఆరుగురం. కట్టిన జాగా పన్నెండు మందికి సరిపోతుంది. రేపు మనవాళ్లెవరైనా వస్తే అని నా లెక్క.

బుధవారం రాత్రి, కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు చేరాక, చంటిబిడ్డను ఎత్తుకున్న కోడలితో ఒక ముసలమ్మ వచ్చింది.

"బిడ్డా, జరంత జాగ ఇస్తవా?"

"ఇది మాదమ్మా, ముందే పట్టుకున్నం" అన్నాను.

ఆమె మారు మాట్లాడకుండా తాడు అవతలే మూట దించింది.

నా భార్య ఊరుకోలేదు. "తల్లుల జాగల మీ బార్డరేందండీ?" అంది. నాకు సిగ్గేసింది. నేనే గూటాలు పీకి లోపలికి జరిపి కొట్టాను.

మర్నాడు చిలుకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చే వేళ మేమంతా ఎదుర్కోలుకు పోతే, మా సామాన్లకు కాపలా ఉన్నది ఆ ముసలమ్మే.

జాతరకు పోయేవాళ్లు ముందే పోండి, మెరక చూసుకోండి. తాడు మాత్రం అవసరమైనంతే కట్టుకోండి.

జై హింద్.